సింథ్‌లోకి బయటి వోల్టేజీ: ముందు మీటరు, తర్వాత ప్లగ్గు

అనలాగ్ సింథసైజర్ కొన్నవాళ్లలో చాలామంది దాని మీదున్న చిన్న జాక్ రంధ్రాల జోలికి పోరు. కీలు నొక్కుకుంటూ, నాబ్‌లు తిప్పుకుంటూ కాలం గడిపేస్తారు. 'సీవీ ఇన్' అని రాసున్నచోట ఏదో ఒకటి గుచ్చితే పెట్టె కాలిపోతుందేమోనని బెరుకు. ఆ బెరుకులో సగం న్యాయమే. మిగతా సగం ఒక మామూలు మల్టీమీటరు చేతికొస్తే పోతుంది.

ఈ పాఠంలో మనం 9 వోల్టుల బ్యాటరీతో ఒక చిన్న వోల్టేజీ పెట్టె కట్టుకుందాం. దాన్ని కొలిచి, సింథ్‌లోకి పంపి, ఫిల్టరును కదిలిద్దాం. కీబోర్డులూ సీక్వెన్సర్లూ ఆ తర్వాత. బ్యాటరీతోనే ఎందుకంటే, గోడ కరెంటుతో దానికి సంబంధం లేదు. అడాప్టర్ల గొడవ, ఎర్తింగ్ గొడవ, హమ్మింగ్ గొడవ ఏదీ మొదటిరోజే మన నెత్తిన పడదు.

మొదలుపెట్టే ముందు

కంట్రోల్ వోల్టేజీ, వాడుకలో సీవీ, మన చెయ్యి చేసే పనిని చేసే వోల్టేజీ. ఫిల్టర్ నాబ్‌ని మనం తిప్పితే ధ్వని పదునెక్కుతుంది కదా, అదే పని బయటినుంచి వచ్చే వోల్టేజీ చేస్తుంది. వోల్టేజీ పెరిగితే నాబ్ కుడికి తిరిగినట్టు, తగ్గితే ఎడమకి.

స్వరానికి వచ్చేసరికి లెక్క ఇంకాస్త కచ్చితం. 1960లలో బాబ్ మూగ్ తన సింథసైజర్లకు వాడిన వోల్ట్-పర్-ఆక్టేవ్ పద్ధతే ఈనాటికీ ఎక్కువ పెట్టెల్లో ఉంది: ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది, అంటే మధ్యస్థాయి సా నుంచి తారస్థాయి సాకి. మధ్యలో 12 మెట్లు. కాబట్టి ఒక్కో మెట్టుకి దాదాపు 83 మిల్లీవోల్టులు. ఇంకో పద్ధతి హెర్ట్జ్-పర్-వోల్ట్. అందులో స్థాయి పెరిగిన ప్రతిసారీ వోల్టేజీ రెట్టింపవుతుంది: 1, 2, 4, 8. కోర్గ్ కంపెనీ 1978లో తెచ్చిన ఎంఎస్-20, 2013లో వచ్చిన దాని మినీ రూపం ఈ రెండో దారిలో నడుస్తాయి.

గేట్ అనే ఇంకో వోల్టేజీ కాలింగ్ బెల్ లాంటిది. ఏ స్వరమో చెప్పదు. నొక్కారు, వదిలారు అని మాత్రమే చెబుతుంది.

మరి కాలిపోయేది ఎప్పుడు? పాత తరహా సింథ్‌లో సీవీ రంధ్రం వెనక సాధారణంగా లక్ష ఓమ్‌ల రెసిస్టర్, దాని వెనక ఆప్-ఆంప్ అనే చిప్పు ఉంటాయి. అలాంటిచోట రెండు మూడు వోల్టులు అటూఇటూ అయినా లోపలికి వెళ్లే కరెంటు చాలా తక్కువ, ఏమీ కాదు. కానీ ఈమధ్య వస్తున్న పెట్టెలు కొన్నింటిలో, ముఖ్యంగా మెమరీ, స్క్రీను ఉన్నవాటిలో, అదే రంధ్రం నేరుగా ఒక మైక్రోకంట్రోలర్ కాలికి వెళ్తుంది. ఆ చిప్పు 3.3 వోల్టులకో 5 వోల్టులకో మించి ఓర్చుకోదు. బయటినుంచి చూస్తే రెండు రంధ్రాలూ ఒక్కలాగే ఉంటాయి. అందుకే ఊహలు వద్దు. మాన్యువల్‌లో చివరి పేజీల దగ్గర స్పెసిఫికేషన్ల పట్టిక ఉంటుంది. అందులో మనం వాడబోయే రంధ్రం పేరు ఎదురుగా ఉన్న అంకె చూసి ఒక కాగితం మీద రాసుకుందాం. 0 నుంచి 5 అనో, మైనస్ 5 నుంచి ప్లస్ 5 అనో ఉంటుంది. మాన్యువల్ దొరక్కపోతే 0 నుంచి 3.3 వోల్టులే హద్దు అనుకుని పనిచేద్దాం. మైనస్ వైపు అసలు పోవద్దు.

కావలసినవి

- డిజిటల్ మల్టీమీటరు. పసుపుపచ్చ రంగులో చవకగా దొరికేది చాలు. డీసీలో 20 వోల్టుల రేంజి ఉండాలి.
- 9 వోల్టుల బ్యాటరీ, దానికి తగిలించే ఎరుపు-నలుపు తీగల క్లిప్పు.
- 10 కె రెసిస్టర్ ఒకటి, 1 కె రెసిస్టర్ ఒకటి. ఇంకో 15 కె కూడా తెచ్చుకుంటే మంచిది, ఎందుకో తర్వాత తెలుస్తుంది.
- 10 కె లీనియర్ పాట్, అంటే నాబ్ బిగించే పొటెన్షియోమీటర్. దాని మీద బి10కె అని ఉండాలి. ఎ10కె అని ఉంటే అది వాల్యూముకి వాడే లాగ్ రకం, మనకొద్దు.
- 3.5 మిల్లీమీటర్ల మోనో జాక్ సాకెట్ ఒకటి.
- రెండు చివరలా మోనో ప్లగ్గులున్న 3.5 మిల్లీమీటర్ల కేబుల్. ప్లగ్గు మీద నల్ల గీత ఒక్కటే ఉంటే మోనో, రెండుంటే స్టీరియో.
- సోల్డరింగ్ ఐరన్, లేదా నాలుగైదు క్రొకొడైల్ క్లిప్పుల తీగలు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠీ గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో ఇవన్నీ దొరుకుతాయి. మోనో కేబుల్ మాత్రం మొబైల్ షాపుల్లో అడిగితే స్టీరియో ఆక్స్ కేబుల్ చేతిలో పెట్టి "అదే సార్, పనిచేస్తుంది" అంటారు. గీతలు లెక్కపెట్టుకుని తీసుకోండి.

పెట్టె కట్టడం

1. పాట్‌ని నాబ్ కాడ మనవైపు ఉండేలా, మూడు కాళ్లూ కిందికి ఉండేలా పట్టుకుందాం. ఎడమ కాలు, మధ్య కాలు, కుడి కాలు. మధ్యదే కదిలే కాలు. వోల్టేజీ మనకి వచ్చేది దాన్నుంచే.

2. బ్యాటరీ క్లిప్పు ఎర్ర తీగకి 10 కె రెసిస్టర్ కలుపుదాం. రెసిస్టర్ రెండో చివర పాట్ కుడి కాలికి. ఈ రెసిస్టర్‌ని బ్యాటరీకి దగ్గరగా, అన్నిటికంటే ముందు కలపాలి. ఎందుకంటే ఆ తర్వాత మనం ఏ తీగ ఎక్కడ తప్పు కలిపినా బ్యాటరీ నుంచి ఒక మిల్లీయాంపియర్ కూడా పారదు. మన తప్పుల్ని కాచేది ఇదే.

3. నల్ల తీగని పాట్ ఎడమ కాలికి కలుపుదాం. అదే ఎడమ కాలినుంచి ఇంకో తీగ తీసి జాక్ సాకెట్‌లో స్లీవ్ కాలికి కలుపుదాం. స్లీవ్ అంటే ప్లగ్గులో మొదలు భాగాన్ని తాకేది, భూమి వైపు.

4. మధ్య కాలి నుంచి 1 కె రెసిస్టర్, దాని రెండో చివర సాకెట్ టిప్ కాలికి. టిప్ అంటే ప్లగ్గు కొస. ఈ 1 కె దండగ అనిపించినా తీసేయొద్దు. ప్లగ్గు గుచ్చేటప్పుడు దాని కొస సాకెట్ లోపలి భూమి రేకుకి ఒక్క క్షణం రాసుకుని వెళ్తుంది. ఆ క్షణంలో అవుట్‌పుట్ షార్టయినా ఏమీ కాకుండా ఇదే ఆపుతుంది. మంచి సింథ్‌ల అవుట్‌పుట్లలోనూ ఇలాంటి రెసిస్టర్ ఒకటి దాగి ఉంటుంది.

5. బ్యాటరీ ఇంకా తగిలించలేదు కదా? ఒకసారి తీగల వెంట వేలు పెట్టి చూసుకుందాం. ఎరుపు, 10 కె, కుడి కాలు. మధ్య కాలు, 1 కె, టిప్. నలుపు, ఎడమ కాలు, స్లీవ్. సరిపోతే బ్యాటరీ తగిలిద్దాం.

కొలవడం

పాఠం మొత్తంలో తొందరపడకూడని చోటు ఇదే. కేబుల్ సింథ్‌లోకి వెళ్లే ముందు, ఆ కేబుల్ కొసన ఎంత వోల్టేజీ ఉందో మన కళ్లతో చూడాలి.

1. మీటరు ఎర్ర తీగ ఏ రంధ్రంలో ఉందో చూద్దాం. 10ఎ అని రాసున్న రంధ్రంలో ఉంటే తీసి, వి గుర్తున్న దాంట్లో పెట్టాలి. 10ఎ రంధ్రంలో ఉంచి వోల్టేజీ కొలవబోతే మీటరు ఒట్టి తీగలా మారి, కొలిచేదాన్ని షార్ట్ చేస్తుంది.

2. డయల్‌ని డీసీ 20 దగ్గర పెడదాం. వి పక్కన అలలాంటి గీత ఉంటే ఏసీ. ఒక తిన్నని గీత, దాని కింద చుక్కల గీత ఉంటే డీసీ.

3. మన పెట్టెలో కేబుల్ గుచ్చి, రెండో చివర ప్లగ్గుని బల్ల మీద పెడదాం. మీటరు నల్ల ముల్లు ప్లగ్గు మొదలుకి, ఎర్ర ముల్లు కొసకి ఆనిద్దాం.

4. నాబ్‌ని పూర్తిగా ఎడమకి తిప్పితే 0 రావాలి. పూర్తిగా కుడికి తిప్పితే నాలుగున్నర ప్రాంతంలో రావాలి. కొత్త బ్యాటరీ 9 కంటే కాస్త ఎక్కువే ఇస్తుంది. పాట్‌లు కూడా మీద రాసినంత కచ్చితంగా ఉండవు, నూటికి ఇరవై వంతులు అటూఇటూ ఉంటాయి. పైఅంకె కాగితం మీది హద్దు దాటితే 10 కె రెసిస్టర్ తీసి 15 కె పెట్టుకుందాం. అప్పటికీ దాటుతుంటే నాబ్‌ని ఆ హద్దు దాకానే తిప్పుదాం.

5. అంకె ముందు మైనస్ గుర్తు వచ్చిందా? ముళ్లు అటూఇటూ అయ్యాయేమో చూద్దాం. కాకపోతే టిప్, స్లీవ్ తారుమారు అయ్యాయి. సరిచేశాకే ముందుకి.

6. నాబ్ తిప్పుతుంటే అంకె గెంతుతూ, మధ్యలో మాయమవుతూ ఉంటే ఎక్కడో సోల్డరింగ్ సరిగా పట్టలేదు. సింథ్‌కి కలిపాక ఆ గెంతులు స్పీకర్లలో ఠపఠపమని వినిపిస్తాయి కాబట్టి ఇప్పుడే బాగుచేసుకుందాం.

సింథ్‌కి కలపడం

మొదటి ప్రయోగానికి స్వరం జోలికి పోకుండా ఫిల్టర్ కటాఫ్ రంధ్రం ఎంచుకుందాం. స్వరంలో చిన్న తేడా వచ్చినా అపశ్రుతి అవుతుంది. ఫిల్టరైతే హద్దు లోపల ఎంత వోల్టేజీ పంపినా ఏదో ఒక మార్పు చెవికి ఇంపుగానే వినిపిస్తుంది.

1. సింథ్ ఆపి ఉంచుదాం. మన పెట్టె నాబ్ పూర్తిగా ఎడమకి, 0 దగ్గర. సింథ్ వాల్యూము, స్పీకర్ వాల్యూము రెండూ కిందికి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంటే తీసి మెడలో వేసుకుందాం. రెజొనెన్స్ ఎక్కువగా ఉన్నప్పుడు ఫిల్టర్ ఒక్కసారి తెరుచుకుంటే వచ్చే ఈల చెవులకి మంచిది కాదు.

2. కేబుల్ చివరని ఫిల్టర్ సీవీ ఇన్‌లో పెడదాం. పక్కనే ఉన్న 'అవుట్' రంధ్రాల వరస కాదు కదా అని ఇంకోసారి అక్షరాలు చదువుదాం. చాలా సింథ్‌లలో ఇన్‌లు, అవుట్‌లు పక్కపక్క వరసల్లో ఉంటాయి, వేరుచేసేది రంగో గీతో మాత్రమే.

3. సింథ్ ఆన్ చేద్దాం. రెజొనెన్స్ తక్కువకి, కటాఫ్ నాబ్ సగం కంటే కిందికి. ఒక కీ నొక్కి పట్టుకుని వాల్యూము మెల్లగా పెంచుదాం.

4. ఇప్పుడు మన నాబ్‌ని కొద్దికొద్దిగా కుడికి తిప్పుదాం. మూతి మూసినట్టున్న ధ్వని మెల్లగా విచ్చుకుంటుంది. చెయ్యి సింథ్ మీద లేకుండానే ఫిల్టర్ కదిలింది. మొదటిసారి ఈ పని చేసినవాళ్లు ఈ ఒక్క మెట్టు దగ్గరే అరగంట కూర్చుంటారు, కూర్చోనివ్వండి.

5. ఏ మార్పూ రాకపోతే కంగారుపడొద్దు. కొన్ని సింథ్‌లలో ఆ రంధ్రానికి విడిగా 'అమౌంట్' నాబ్ ఉంటుంది, అది 0 దగ్గర ఉంటే ఎంత పంపినా లోపలికి చేరదు. కటాఫ్ ఇప్పటికే పూర్తిగా పైన ఉన్నా తేడా వినపడదు.

6. ఆపేటప్పుడు మన నాబ్ 0కి, ప్లగ్గు బయటికి, ఆ తర్వాత సింథ్ ఆఫ్. కరెంటు లేని సింథ్‌లోకి బయటినుంచి వోల్టేజీ పోతూ ఉండటం మంచిది కాదు. లోపలి చిప్పులు ఆ దొంగదారిన వచ్చిన కరెంటుతో సగం మేలుకుంటాయి. మన బ్యాటరీ పెట్టెతో ఏమీ కాకపోవచ్చు గానీ, పెద్ద పరికరాలతో ఇదే వరస పాటించాలి. ఆన్ చేసేటప్పుడు వోల్టేజీ పుచ్చుకునేది ముందు, ఇచ్చేది తర్వాత. ఆపేటప్పుడు ఇచ్చేది ముందు.

కీబోర్డు నుంచి స్వరం

సీవీ అవుట్ ఉన్న కీబోర్డో సీక్వెన్సరో ఉంటే ఇప్పుడు దాని వంతు. ఆర్టూరియా కీస్టెప్, కోర్గ్ ఎస్‌క్యూ-1 లాంటివి రెండు పద్ధతుల్లోనూ వోల్టేజీ ఇవ్వగలవు. సౌకర్యమే గానీ చిక్కు కూడా అక్కడే, దాన్ని ముందు వాడినవాళ్లు ఏ సెట్టింగులో వదిలారో మనకి తెలియదు. అందుకని మళ్లీ మీటరే.

1. పిచ్ అవుట్ నుంచి కేబుల్ తీసి, సింథ్‌కి కలపకుండా మీటరు ముళ్లు ఆనిద్దాం. వాయిద్యాన్ని బట్టి కీ వదిలాక కూడా వోల్టేజీ అలాగే నిలబడి ఉంటుంది, అది మామూలే.

2. సి స్వరం కీని కింది స్థాయిలో, దాని పైస్థాయిలో, ఆ పైస్థాయిలో, మొత్తం మూడు చోట్ల నొక్కి మూడు అంకెలు రాసుకుందాం. రెండు చాలవు. 1 వోల్టు, 2 వోల్టులు వచ్చాయనుకోండి, అది ఏ పద్ధతైనా కావచ్చు. మూడోది 3 వస్తే వోల్ట్-పర్-ఆక్టేవ్, 4 వస్తే హెర్ట్జ్-పర్-వోల్ట్.

3. మన సింథ్ కోరే పద్ధతితో కలిస్తే, అన్నిటికంటే పై కీ నొక్కి చూద్దాం. అక్కడ వచ్చే అంకె కాగితం మీది హద్దు లోపలే ఉందా? ఉంటే కలపొచ్చు. పద్ధతి కలవకపోతే సింథ్ చెడదు గానీ, ఒక్క స్వరం కూడా చోటున పడదు.

4. గేట్ అవుట్‌ని కూడా విడిగా కొలుద్దాం. కీ వదిలితే 0, నొక్కితే 5 లేదా 10 దగ్గర ఉండాలి. కీస్టెప్‌లో గేట్‌ని 12 వోల్టులకి పెట్టుకునే వీలుంది. 5 మాత్రమే ఓర్చుకునే రంధ్రానికి దాన్ని కలపకూడదు.

5. ఎంఎస్-20, మినీమూగ్ మొదటితరం లాంటి వాటికి ఎస్-ట్రిగ్ కావాలి. అక్కడ కీ నొక్కడమంటే వోల్టేజీ పంపడం కాదు, రంధ్రాన్ని భూమికి షార్ట్ చేయడం. కీ వదిలినప్పుడు మోగుతూ, నొక్కితే ఆగిపోతూ ఉంటే పద్ధతి తిరగబడిందని గుర్తు. పంపేదాని సెట్టింగు మార్చుకుంటే సరి.

గేట్ వోల్టేజీ ఎక్కువగా ఉండి, దాన్ని మార్చే సెట్టింగు లేకపోతే ఒక 1 కె రెసిస్టర్, ఒక 5.1 వోల్టుల జీనర్ డయోడ్‌తో పని జరుగుతుంది. సిగ్నల్ తీగలో వరసగా 1 కె పెట్టాలి. దాని తర్వాత టిప్‌కీ స్లీవ్‌కీ మధ్య జీనర్, గీత ఉన్న వైపు టిప్‌కి. 12 వోల్టులు వచ్చినా అవతల 5 దగ్గరే ఆగుతుంది. కలిపే ముందు ఇదీ కొలవాల్సిందే. స్వరం తీగలో మాత్రం దీన్ని వాడొద్దు. జీనర్ 5కి చేరకముందే కొంచెం కొంచెం కరెంటు పీల్చడం మొదలుపెడుతుంది, పై స్వరాలు దిగజారతాయి.

తరచుగా జరిగే పొరపాట్లు

రెండు అవుట్‌పుట్లను వై-కేబుల్‌తో కలిపి ఒకే రంధ్రంలోకి పంపడం. ఒకటి 5 వోల్టులు, ఇంకొకటి 0 ఇస్తుంటే అవి సింథ్‌తో కాదు, ఒకదానితో ఒకటి కొట్లాడతాయి. రెండూ కలవాలంటే మధ్యలో మిక్సర్ ఉండాలి.

ఒక అవుట్‌పుట్‌ని రెండు ఇన్‌పుట్లకు పంచడంలో ప్రమాదం లేదు, కానీ శ్రుతి పోతుంది. అవుట్‌పుట్‌లో 1 కె, ఇన్‌పుట్‌లో 100 కె ఉంటే వోల్టేజీలో నూరో వంతు పోతుంది. 4 వోల్టులు 3.96 అవుతుంది. పోయిన 40 మిల్లీవోల్టులు దాదాపు అర మెట్టు. రెండో సింథ్ తగిలిస్తే ఇంకో నూరో వంతు. పైస్థాయికి వెళ్లేకొద్దీ స్వరం దిగిపోతోందని సింథ్‌ని బాగుచేయించడానికి తీసుకెళ్లినవాళ్లున్నారు. ఇలాంటిచోట బఫర్ ఉన్న మల్టిపుల్, అంటే వోల్టేజీ తగ్గకుండా పంచే పెట్టె, వాడాలి.

మిడి జాక్‌ని సీవీ జాక్ అనుకోవడం. ఎస్‌క్యూ-1లోనే చూడండి, మిడి అవుట్ కూడా 3.5 మిల్లీమీటర్ల రంధ్రమే, సీవీ రంధ్రాలలాగే ఉంటుంది. సైజు చూసి కాదు, పేరు చదివి గుచ్చాలి.

ఎల్‌ఎఫ్‌ఓ లాంటి ఊగే వోల్టేజీని వేగంగా ఉన్నప్పుడు కొలవడం. మీటరు అంత తొందరగా చూడలేదు, సగటు చూపించి ఊరుకుంటుంది. ప్లస్ 5కీ మైనస్ 5కీ మధ్య ఊగేది కూడా 0 అని కనిపించవచ్చు. వేగం బాగా తగ్గించి, రెండు కొసల అంకెలూ చూడాలి.

కంప్యూటర్ ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి సీవీ పంపాలనుకోవడం తప్పు కాదు, కానీ అది డీసీ-కపుల్డ్ అయి ఉండాలి. మామూలు ఇంటర్‌ఫేస్ నిలకడగా ఉండే వోల్టేజీని బయటికి రానివ్వదు, క్షణంలో 0కి జారిపోతుంది. ఎలాగూ కంప్యూటర్ వచ్చింది కాబట్టి ఇంకో మాట. రెండు పిన్నుల ఛార్జరుతో నడిచే ల్యాప్‌టాప్ లోహపు మూత మీద వేలు ఆనిస్తే సన్నగా జిల్లుమంటుంది, చూసే ఉంటారు. ఛార్జరు నుంచి కారే ఆ కొద్ది కరెంటు కేబుల్ గుచ్చే క్షణంలో సింథ్ మీదుగా దారి వెతుక్కుంటుంది. ఛార్జరు తీసేసి, కేబుళ్లన్నీ కలిపాక మళ్లీ పెట్టుకోవాలి. మూడు పిన్నుల ప్లగ్గుల్లో ఎర్త్ పిన్ను సాకెట్‌కి పట్టలేదని విరిచేయడం మన ఇళ్లలో మామూలే. సింథ్‌లున్న బల్ల దగ్గర మాత్రం ఆ పని చేయకండి.

మైక్ ఇన్‌పుట్లకు వెళ్లే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ తీగలనీ, యాంప్లిఫయర్ స్పీకర్ అవుట్‌పుట్లనీ ఏ అడాప్టరు పెట్టి అయినా సరే సీవీ రంధ్రం దగ్గరికి రానివ్వకూడదు. వీటికి మీటరు కూడా అక్కర్లేదు.

ఇక మన బ్యాటరీ పెట్టెకి స్విచ్చి లేదు. నాబ్ 0 దగ్గర ఉన్నా పాట్ గుండా అర మిల్లీయాంపియర్ పారుతూనే ఉంటుంది. పక్కన పెట్టేటప్పుడు క్లిప్పు ఊడదీసి, బ్యాటరీ విడిగా ఉంచండి. వారాల తర్వాత మళ్లీ తగిలిస్తే పైఅంకె ఎంతకి దిగిందో ఒకసారి మీటరు పెట్టి చూసుకున్నాకే వాడండి.